ఇంటిపేరు ఎస్పోసితో

నేపుల్స్‌లో నేను రెండేళ్ళు అద్దెకున్న భవనంలో ఫ్లాట్ నంబర్లు ఉండేవి కావు. వీధి గేటు పక్కన ఒక ఇత్తడి పలక, దాని మీద వరసగా బెల్ బటన్లు, ఒక్కో బటన్ పక్కన ఒక్కో ఇంటిపేరు. పోస్ట్‌మాన్‌కైనా, పిజ్జా తెచ్చే కుర్రాడికైనా అదే గుర్తు. మనం రోజూ వాడే "ఇంటిపేరు" అన్న మాట అక్షరాలా ఇంటికి అతికించి ఉండగా నేను చూసింది అక్కడే. మా పలక మీద పద్నాలుగు బటన్లుంటే వాటిలో మూడు ఎస్పోసితోలు. ఒకరికి రావలసిన పార్సిల్ ఇంకొకరికి వెళ్ళడం, వాళ్ళు మెట్ల మీద అరుచుకోవడం వారానికోసారైనా జరిగేది.

వచ్చిన కొత్తలో మూడో అంతస్తు సిన్యోరాని అడిగాను. సిన్యోరా అంటే మన "అమ్మగారూ" లాంటి పిలుపు. "మీ మూడిళ్ళ వాళ్ళూ అన్నదమ్ముల పిల్లలా?" అని. ఒకే ఇంటిపేరంటే జ్ఞాతులు కాకుండా పోతారా అన్నది నా లెక్క. ఆవిడ కూరగాయల సంచీ కింద పెట్టి మరీ నవ్వింది. "మాలో మాకు ఏ చుట్టరికమూ లేదమ్మాయ్. ఉంటే గింటే, మేమందరం మడోన్నా పిల్లలం" అంది.

ఏదో భక్తి కొద్దీ అన్న మాట అనుకున్నాను. కాదు. చరిత్ర చెప్పింది.

లాటిన్‌లో "ఎక్స్‌పోసితుస్" అంటే బయట పెట్టబడినది. వాకిట్లో, మెట్ల మీద, గుడి ముందు వదిలిపెట్టిన పసిబిడ్డ. ఆ మాటే వాడుకలో అరిగి ఎస్పోసితో అయింది. ఎవరు కన్నారో తెలియని పిల్లలకి రిజిస్టర్లో ఇంటిపేరు రాయాల్సిన చోట ఈ మాట రాశారు. రాసిన చేతులు పోయాయి, మాట ఉండిపోయింది. ఈరోజు నేపుల్స్ నగరంలో అన్నిటికంటే ఎక్కువమందికున్న ఇంటిపేరు ఇదే. ఇటలీ మొత్తం తీసుకున్నా రోస్సీ, రుస్సో, ఫెరారీల పక్కన, మొదటి ఐదారు పేర్లలో ఉంటుంది. రోస్సీ, రుస్సో ఎర్ర జుట్టు వాళ్ళనో, ఎర్రటి మొహం వాళ్ళనో పిలిచిన పేర్లు. ఫెరారీ కమ్మరి. ఇవి ప్రతి దేశంలోనూ ఉండే రకాలే. మనిషి రంగు, మనిషి పని, మనిషి ఊరు. ఎస్పోసితో అలాంటిది కాదు. మనిషి గురించి అది చెప్పే సంగతి ఒక్కటే: ఇతన్ని ఎవరో వదిలేశారు.

అలాంటి పేరు అంతమందికి ఎలా వచ్చింది? దానికి జవాబు మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది.

ఫోర్చెల్లా అనే పాతపేటలో అనుంచియాతా అన్న పెద్ద చర్చి, దానికి ఆనుకుని ఆసుపత్రి, అనాథాశ్రమం. 14వ శతాబ్దంలో మొదలైన సంస్థ. వీధి వైపు గోడలో చిన్న రంధ్రం. లోపల గోడకి బిగించిన గుండ్రటి చెక్క పెట్టె, నిలువుగా నిలబెట్టిన పీపా లాంటిది, ఒక పక్క తెరిచి ఉంటుంది. వీధిలోంచి బిడ్డని అందులో పెట్టి తిప్పితే తెరిచిన వైపు లోపలికి వస్తుంది. పెట్టిన వాళ్ళ మొహం లోపలివాళ్ళకి కనపడదు, తీసుకునే వాళ్ళ మొహం బయటివాళ్ళకి కనపడదు. దాన్ని "రువోతా" అంటారు. చక్రం అని అర్థం. రాత్రీ పగలూ దాని పక్కన ఒక మనిషి కాపలా ఉండేది.

ఇప్పుడది చూడటానికి తెరిచి ఉంచారు. నేను వెళ్ళినప్పుడు ఆ గదిలో ఇంకెవరూ లేరు. చక్రం నేననుకున్నదానికంటే చాలా చిన్నది. పక్కనే పిల్లల్ని కడిగే రాతి తొట్టి. బిడ్డ రాగానే అందులో కడిగి, రిజిస్టర్లో రాసుకునేవారట. వచ్చిన వేళ, ఆడా మగా, సుమారు వయసు, ఒంటి మీద గుడ్డలు ఎలాంటివి, మెళ్ళో ఏదైనా తాయెత్తు ఉందా, చీటీ ఉందా. మెళ్ళో మేరీమాత ముద్ర ఉన్న సీసపు బిళ్ళ కట్టేవారు. అప్పటినుంచి ఆ బిడ్డ మడోన్నా బిడ్డ. సిన్యోరా అన్న మాటకి అర్థం అది.

గుడ్డల గురించి అంత వివరంగా రాయడంలో ఒక ఆశ ఉంది. ఎప్పుడైనా తల్లి తిరిగొచ్చి "నీలం అంచు గుడ్డలో చుట్టాను" అంటే పోల్చుకోవాలి కదా. ఫ్లోరెన్స్‌లో ఇన్నోచెంతి అనే అనాథాశ్రమం ఉంది. బ్రునెల్లెస్కీ కట్టిన భవనం, 1419లో మొదలుపెట్టి 1445లో తెరిచారు. ఖర్చు పెట్టుకున్నది పట్టు వర్తకుల సంఘం. అక్కడి మ్యూజియంలో చిన్న చిన్న సొరుగులున్నాయి. ఒక్కోటీ లాగితే ఒక్కో వస్తువు. సగానికి విరిచిన పతకం, సగం నాణెం, పూస, గుడ్డ ముక్క. రెండో సగం తల్లి దగ్గర ఉంటుంది. సగం పతకాలు సొరుగుల్లోనే ఉండిపోయాయంటే రెండో సగం తీసుకుని ఎవరూ రాలేదని. ఆ సొరుగుల్ని నేను నాలుగో ఐదో లాగి ఆపేశాను.

వదిలేసినవాళ్ళు ఎవరు? పెళ్ళికాని తల్లులు అన్నది తేలిగ్గా వచ్చే జవాబు. నిజమే, చాలామంది వాళ్ళే. చర్చీ, ఊరూ కలిసి వాళ్ళకి ఇంకో దారి ఉంచలేదు. అమెరికన్ చరిత్రకారుడు డేవిడ్ కెర్ట్‌జర్ ఈ విషయం మీద 1993లో ఒక పుస్తకమే రాశాడు. బిడ్డని వదలడం తల్లి ఒంటరిగా తీసుకున్న నిర్ణయం కాదనీ, పరువు కాపాడే పేరుతో ఫాదరీ, మంత్రసాని, అధికారీ అందరూ కలిసి నడిపిన ఏర్పాటనీ చూపిస్తాడు. కానీ పెళ్ళయిన పేదవాళ్ళు కూడా ఉన్నారు. కరువు ఏడాది, ఐదో కాన్పు, పాలు లేని తల్లి, మిల్లులో పని. కొన్నేళ్ళు పెరిగాక తెచ్చుకుందాం అనుకుని పెట్టినవాళ్ళూ ఉన్నారు. తెచ్చుకుందామని వచ్చేసరికి చాలాసార్లు బిడ్డ ఉండేది కాదు. పాలిచ్చే దాదులు చాలక, రోగాలు అంటుకుని, పిల్లలు ఏడాది నిండకుండానే పెద్ద సంఖ్యలో పోయేవారు.

ఇక్కడ ఆగి ఒక లెక్క వేసుకోవాలి. అంతమంది పిల్లలు పోయాక కూడా ఈ పేరు నగరంలో మొదటి స్థానంలో ఉంది. పైగా 2022 దాకా ఇంటిపేరు మామూలుగా మగపిల్లల ద్వారానే సాగేది. బతికిన ఆడపిల్లల్ని అనుంచియాతా కట్నమిచ్చి పెళ్ళిళ్ళు చేసి పంపేది. వాళ్ళ పిల్లలు తండ్రుల పేర్లు పెట్టుకున్నారు. కాబట్టి ఈరోజు బెల్ పలక మీద కనిపించే ఎస్పోసితోలు ఎక్కువభాగం ఎక్కడో ఒక బతికి బట్టకట్టిన మగపిల్లాడి వారసులు. చచ్చిపోయిన పిల్లలు, బతికిన ఆడపిల్లలు ఈ లెక్కలో లేరు.

ఒకే పేరున్నవాళ్ళంతా ఒకే మూలపురుషుడి సంతతి అనుకోవడం మన అలవాటు. ఇక్కడ అది పూర్తిగా తలకిందులు. ఎస్పోసితో ఒక వంశం కాదు, వేల మొదళ్ళు. 1563లో ట్రెంట్ సభ తర్వాత చర్చిల్లో బాప్తిస్మాలకీ పెళ్ళిళ్ళకీ రిజిస్టర్లు పెట్టడం స్థిరపడింది. ఇంటిపేరు లేకుండా మనిషిని పుస్తకంలోకి ఎక్కించడం కష్టమైంది. ఏదో ఒకటి రాయాలి. నేపుల్స్‌లోనూ, ఆ రాజ్యంలోని ఇతర పట్నాల్లోనూ గుమాస్తాలు తరాల తరబడి ఇదే మాట రాస్తూ పోయారు.

ప్రతి నగరానికీ తన మాట ఉంది. రోమ్‌లో ప్రొయెత్తీ, అంటే విసిరేయబడినవాళ్ళు. ఇటాలియన్లు ఎంతో ఇష్టపడిన నటుడు జీజీ ప్రొయెత్తీ (1940–2020) ఇంటిపేరు అదే. ఫ్లోరెన్స్‌లో ఇన్నోచెంతీ, అంటే ఏ పాపం ఎరగనివాళ్ళు. మిలాన్‌లో పెద్దాసుపత్రి చిహ్నం పావురం, అందుకని అక్కడి పిల్లలు కొలంబో, అంటే పావురం. ఈ పేరున్న ప్రతివాళ్ళూ అలా వచ్చినవాళ్ళే అనలేం. పావురాలు పెంచినవాళ్ళకీ ఆ పేరు వస్తుంది. ఇంకో రకం దియోతల్లేవీ. "దేవుడే నిన్ను పెంచుగాక" అని దాని అర్థం. ఒక నగరం విసిరేసినవాళ్ళంటే, ఒక నగరం పావురాలంది. పిల్లల పరిస్థితి ఒక్కటే, కలం పట్టుకున్నవాళ్ళ మనసులు వేరు.

ఈ పేరు మొహాన పచ్చబొట్టులా ఉందని పాలకులకీ తెలుసు. నెపోలియన్ బావ మురా నేపుల్స్‌ని ఏలిన కాలంలో (1808–1815) దొరికిన పిల్లలకి ఎస్పోసితో అని పెట్టడం మాన్పించారు. ఆ తర్వాత గుమాస్తాలు ఒక్కో బిడ్డకీ ఒక్కో పేరు కల్పించాల్సి వచ్చింది. 1852లో అనుంచియాతా చక్రంలో ఒక మగబిడ్డ వచ్చాడు. "జెనితో" అని పెట్టారు, కనబడినవాడు అని అర్థం. నకలు రాసేటప్పుడు ఒక అక్షరం మారి "జెమితో" అయింది. జెమితో అంటే మూలుగు. పేద ఇంట పెరిగిన ఆ బిడ్డే తర్వాత నేపుల్స్ వీధి పిల్లల్ని, చేపలు పట్టే కుర్రాళ్ళని కంచులో పోతపోసిన గొప్ప శిల్పి విన్‌చెంజో జెమితో. ఆయన ఇంటిపేరు ఒక రాతపొరపాటు.

అనుంచియాతా చక్రాన్ని 1875లో మూసేశారు. 20వ శతాబ్దం మొదటి పాతికేళ్ళలో దేశం మొత్తం మీద చక్రాలు రద్దయ్యాయి. ఇప్పుడక్కడి చట్టం ప్రకారం తల్లి తన పేరు చెప్పకుండా ఆసుపత్రిలో కనవచ్చు. తల్లిదండ్రులెవరో తెలియని బిడ్డకి ఆ సంగతి బయటపెట్టే పేరు గానీ ఇంటిపేరు గానీ పెట్టకూడదని 2000 సంవత్సరపు పౌర రిజిస్టర్ల నిబంధనల్లో స్పష్టంగా రాశారు. కొన్ని ఆసుపత్రుల గోడలకి అలారం ఉన్న కిటికీ ఉయ్యాలలున్నాయి. మన శిశుగృహాల ముందు పెట్టే ఊయల లాంటివే. చక్రం పోయినా అవసరం పూర్తిగా పోలేదు.

మరి మిగిలిన ఎస్పోసితోలు? వాళ్ళు పేరు మార్చుకోలేదు. పిజ్జా కాల్చారు, కోర్టుల్లో వాదించారు, ఓడలెక్కి అర్జెంటీనా, అమెరికా వెళ్ళారు. 1889లో మహారాణి కోసం మార్గరీటా పిజ్జా చేశాడని చెప్పుకునే మనిషి రఫాయేలే ఎస్పోసితో. ఆ కథలో ఎంత నిజముందని చరిత్రకారులు అనుమానిస్తారు గానీ, మనిషి పేరు మాత్రం అదే. "కమ్యూనితాస్" అన్న పుస్తకంలో, మనుషుల్ని ఒక సమూహంగా కట్టి ఉంచేది ఏమిటి అని ఆలోచించిన నేటి తత్వవేత్త పేరు రొబెర్తో ఎస్పోసితో. వదిలేయబడినవాడు అన్న ఇంటిపేరుతో సమూహం గురించి ఆలోచించడం! యాదృచ్ఛికమే అయ్యుండొచ్చు, నాకు మాత్రం బాగా నచ్చింది.

సిన్యోరాని ఇంకోసారి అడిగాను, ఆ పేరు మోయడం చిన్నప్పుడు ఇబ్బందిగా ఉండేదా అని. ఆవిడకి ప్రశ్న అర్థం కావడానికే కొంచెంసేపు పట్టింది. "క్లాసులో ఏడుగురం ఉండేవాళ్ళం. ఇబ్బందల్లా టీచర్‌కే" అంది.

ఆ మాట విన్నాక రాత్రి చాలాసేపు మా నాయనమ్మ గురించి ఆలోచిస్తూ ఉండిపోయాను.

మా నాయనమ్మకి పుట్టింటి పేరు లేదు. రేపల్లె రైల్వే స్టేషన్లో, టికెట్ కిటికీ పక్క బల్ల మీద, చీర ముక్కలో చుట్టి ఉందిట. ఒక మంత్రసాని తెచ్చి పెంచుకుంది. పద్నాలుగేళ్ళకి పెళ్ళి చేసింది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పుకోరు. మన దగ్గర ఇంటిపేరు అడగడం అంటే ఏం అడగడమో మీకు తెలుసు. ఫంక్షన్లలో పక్కన కూర్చున్నావిడ "మీ పుట్టింటివారెవరండీ?" అంటే నాయనమ్మ తడుముకోకుండా "మాది రేపల్లె" అనేది. మన ఇంటిపేర్లలో సగం ఊరిపేర్లే కాబట్టి విన్నవాళ్ళు రేపల్లెవారు అనుకునేవాళ్ళు. ఆవిడ అబద్ధమూ చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. ఎప్పుడైనా మంచి హుషారులో ఉంటే, గొంతు తగ్గించి నాతో అనేది: "కిష్టుడూ రేపల్లెలోనే పెరిగాడే. కన్నతల్లి దగ్గర పెరిగాడా ఏంటి?"

నిజానికి ఆవిడకి అంతకంటే పెద్ద తోడు ఉంది. సీత అంటే నాగటి చాలు. దున్నుతుంటే చాలులో దొరికింది కాబట్టి ఆ పేరు. అంటే దొరికిన చోటునే పేరుగా పెట్టారు. ఇటలీ గుమాస్తాలు చేసింది కూడా అదే. మనం తరతరాలుగా ఆడపిల్లలకి ఆ పేరు పెట్టుకుంటూనే ఉన్నాం. కర్ణుడు నదిలో కొట్టుకొచ్చిన పెట్టెలో దొరికాడు, పెంచిన తల్లి పేరు మీద రాధేయుడయ్యాడు. కానీ నిండు సభలో అతన్ని నిలబెట్టి అడిగిన ప్రశ్న మాత్రం నాయనమ్మని ఫంక్షన్లో అడిగిన ప్రశ్నే. మనం కథల్లో దొరికిన పిల్లల్ని పూజిస్తాం, భోజనాల బంతిలో ఇంటిపేరు అడుగుతాం.

నేను తిరిగి వచ్చేసరికి బాబాయి కొత్త ఇల్లు కడుతున్నాడు. హాల్లో పెట్టడానికి వంశవృక్షం తయారు చేయిస్తున్నాడు, ఏడు తరాలు, గాజు ఫ్రేములో. కోడళ్ళ పేర్ల కింద చిన్న అక్షరాల్లో వాళ్ళ పుట్టింటి పేర్లు. ప్రూఫ్ వాట్సాప్‌లో పంపాడు. నాయనమ్మ కింద ఒక పేరుంది. ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన, పొలాలూ రైస్‌మిల్లులూ ఉన్న కుటుంబం పేరు. మాకూ వాళ్ళకీ ఏ సంబంధమూ లేదు.

ఫోన్ చేసి అడిగాను.

"ఖాళీగా వదిలేస్తే ఏం బావుంటుందమ్మా? వచ్చినవాళ్ళు అడుగుతారు. రేపు మీ తమ్ముడికి సంబంధాలు చూడాలా వద్దా?"

"నాయనమ్మ ఎప్పుడైనా ఆ పేరు చెప్పుకుందా బాబాయ్?"

"చెప్పుకోలేదు. ఆవిడ కాలం వేరు."

ఆయన్ని తప్పుపట్టలేను. ఆయన భయపడుతున్నది లేనిదానికి కాదు. "ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు" అని సామెత చెప్పుకుంటాం గానీ, కస్తూరివారు అన్న ముక్క చాలు, చాలా గుమ్మాలు తెరుచుకుంటాయి. నేపుల్స్‌లో ఆ పేరు మామూలైపోయిందంటే, అక్కడివాళ్ళు మనకంటే మంచివాళ్ళని కాదు. పేరు దాచుకునే వీల్లేకుండా రాసేశారు, రాసింది ఒకరికి కాదు వేలమందికి. క్లాసులో ఏడుగురున్నప్పుడు ఎవరు ఎవర్ని వేలెత్తి చూపిస్తారు? మనవైపు దొరికిన పిల్లలు తక్కువేం కాదు. ఒక్కొక్కరూ ఒక్కో అరువు పేరు వెనక విడివిడిగా దాక్కున్నారు, అంతే. రెండో మనిషి ఉన్న సంగతి మొదటి మనిషికి తెలియదు. మా నాయనమ్మ ఎనభై రెండేళ్ళు బతికి, తనలాంటి ఇంకొక్కరిని కూడా కలవకుండానే వెళ్ళిపోయింది. నాకు బాధ కలిగించేది పేరు లేకపోవడం కాదు, ఇది.

నాన్న ఈ గొడవలో ఏమీ మాట్లాడలేదు, చివరి ప్రూఫ్ దాకా. అప్పుడు ఆ రైస్‌మిల్లు పేరు కొట్టేసి, పక్కన పెన్సిల్‌తో "రేపల్లె" అని రాసి తమ్ముడికి పంపాడు. బాబాయి రెండ్రోజులు అలిగి, అలాగే అచ్చు వేయించాడు.

గృహప్రవేశానికి వెళ్ళాను. హాల్లో ఫ్రేము బావుంది. అవతల వీధి పెద్దాయన ఒకాయన కళ్ళజోడు సర్దుకుని తరాలన్నీ చదువుకుంటూ వచ్చి, నాయనమ్మ దగ్గర ఆగాడు.

"రేపల్లెవారా? గుంటూరు వైపు వాళ్ళేనా? నాకు తెలిసినవాళ్ళున్నారే."

బాబాయి నా వైపు చూశాడు. నాన్న ఇస్తరాకుల లెక్క చూసుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

"ఇంటిపేరు కాదండీ, రైలు స్టేషను" అన్నాను. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు, ఏ స్టేషనూ, ఏమిటా కథా అంటూ. చెప్పడం మొదలుపెట్టాను.